సుక్రి అత్త మొగ్గు ఎటు

పాడేరు దాటి జీపు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మా కావ్య ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అడిగింది. "మామ్మా, ఇన్‌క్లైన్డ్ అంటే ఏటి? ఒకచోట వాలి ఉన్న అని రాసినాడు, ఇంకోచోట ఇష్టం ఉన్న అని రాసినాడు. ఏది నొక్కను?" కావ్య మా తమ్ముడి మనవరాలు. ఏదో పోటీ పరీక్షకి చదువుతోంది. సిగ్నల్ ఉన్నంతసేపూ ఫోన్‌లో ప్రశ్నలు వస్తుంటాయి, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కుతుంటుంది. ముందు సీట్లో దాని తండ్రి రాంబాబు జీపు నడుపుతున్నాడు. సంతరోజుల్లో టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే జీపే అది. ఆ రోజు మాత్రం మా కోసం కడిగి తెచ్చాడు. "టీచరత్తని అడిగినావేటే, ఇంక సింతపల్లి వొచ్చినా అవదు," అన్నాడు వాడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వుతూ. ఉద్యోగమంతా ఆశ్రమ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఒక మాటకి ఒక అర్థం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. వాక్యం చదవమన్నాను. ఎవరో ఒకావిడ ఊరెళ్ళడానికి ఇన్‌క్లైన్డ్‌గా ఉందట. "అంటే ఆవిడ వెళ్ళిందని కాదు, వెళ్తుందనీ కాదు. మనసు అటు మొగ్గి ఉందని," అన్నాను. "మొగ్గితే ఎల్లినట్టే కదా," అంది కావ్య. "కాదు," అన్నాను. అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పిల్ల ఫోన్ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

నా గట్టితనానికి కారణం ఉంది. మేం వెళ్తున్నది సుక్రి అత్త దగ్గరికి. సుక్రి అత్త మా నాన్నకి చెల్లెలు. చింతపల్లి అవతల, కాఫీ తోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఆవిడ కాపురం. ఆవిడ పెనిమిటి బొంజు మామ ఈ మధ్యనే పోయాడు. పిల్లలు లేరు. కర్మలన్నీ అయ్యాక, ఆవిడ మెట్టినింట్లోనే ఉండిపోతుందా, పుట్టింటికి వచ్చేస్తుందా అన్నది ఆ రోజు తేలాలి. రాంబాబు అప్పటికే తమ ఇంట్లో తూర్పు గదికి సున్నం వేయించాడు. మంచం కొత్త నవారుతో అల్లించాడు. ఆవిడ వచ్చేస్తుందని మా అందరికీ నమ్మకం. నాకైతే నమ్మకం కంటే ఎక్కువే. ఆవిణ్ణి తెచ్చేసుకుంటే, చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు ఎలాగో సరిపోతుందని నాలో నేను అనుకుంటూ వచ్చాను. ఎదురు కొండ మీద మంచు కదలకుండా పడుకుని ఉంది. జీపు కిటికీలోంచి కాఫీ పూల వాసన వచ్చి పోతోంది. నిద్ర కాదు, మెలకువా కాదు, అలాంటి స్థితిలో నేను మా పాత ఊరికి వెళ్ళిపోయాను.

మా ఊరు ముంచింగిపుట్టుకి పైన, కొండ నడుముకి అంటుకుని ఉంటుంది. ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది, ఇళ్ళ ముందు నేల చదును చేసుకున్నారు. నా చిన్నప్పుడు ఊళ్ళో సమంగా ఉన్న చోటంటూ ఒక్కటీ లేదు. ప్రతి వస్తువుకీ కింద ఊతరాయి ఉండాల్సిందే. నీళ్ళ కుండకి రాయి, మంచం దిగువ కోళ్ళకి రాళ్ళు, అన్నం వార్చే కుండకి రాయి. కొత్త కోడలొస్తే అత్త ముందుగా నేర్పేది ఏ రాయి దేని కిందదో. పడుకుంటే తల ఎగువకి, కాళ్ళు దిగువకి. తెల్లారేసరికి పిల్లలందరం జారి చాప చివర కుప్పగా ఉండేవాళ్ళం. మా అమ్మ ఒక్కొక్కర్నీ చంకల కింద పట్టుకుని మళ్ళీ పైకి లాగేది. గుమ్మడికాయ చేతిలోంచి జారిందంటే అది ఎవరి పెరట్లో ఆగుతుందో మాకు ముందే తెలుసు. దాని వెనక పరుగెత్తేవాళ్ళం కాదు, ఆ ఇంటికి తీరిగ్గా వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. పొలాలు కూడా అంతే. మా నాన్న వాలుకి అడ్డంగా దున్నేవాడు. పక్కకి ఒరిగి నడిచీ నడిచీ చదునైన బాట మీద కూడా ఒక భుజం దించే నడిచేవాడు. చలి మొదలయ్యే రోజుల్లో ఆ వాలంతా వలిసె పూలు పూసేవి. పొద్దున్నే మంచు విడిపోతుంటే పసుపు రంగు ముందు ఊరి దగ్గర కనిపించి, నెమ్మదిగా కిందికి, లోయ దాకా పాకేది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ రంగు కనిపిస్తుంది.

సుక్రి అత్త శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రి. నేను మంగళవారం పుట్టాను కాబట్టి మంగ్లి. మా వైపు పేర్ల గురించి అంతకంటే బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళు కాదు. నన్ను కన్నది అమ్మే గాని పెంచింది అత్త. అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది, చోడంబలి చల్లార్చి తాగించింది, తల దువ్వింది, తిట్టింది. రాత్రి ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. ఆవిడ జుట్టు నుంచి వలిసె నూనె వాసన, ఒంటి నుంచి పొయ్యి పొగ వాసన, వేళ్ళ నుంచి అడ్డాకు వాసన వచ్చేవి. అడ్డాకు వాసన ఎలా ఉంటుందని కావ్య లాంటి వాళ్ళు అడిగితే చెప్పలేను. వాన పడి వెలిసిన అడవి వాసనలో కాస్త వగరు కలిపినట్టుంటుంది. అత్త చేతిలో ఎప్పుడూ ఆకు ఉండేది. కూచుంటే ఆకు కుట్టడమే. వెదురు పుల్ల చీల్చి, సన్నగా గీసి, ఆకు మీద ఆకు పెట్టి, మాట్లాడుతూ, నవ్వుతూ, ఒక్కోసారి కళ్ళు మూసుకునే విస్తరి కుట్టేసేది. విస్తర్లు హోటళ్ళ వాళ్ళు కొనేవారు, డొప్పలు కల్లు అమ్మేవాళ్ళు కొనేవారు. వారం వారం గంపలో పెట్టుకుని సంతకి దిగేది. వెనక నేను. "బేగి నడవే గుంటా, ఎండెక్కితే ఆకు ముడుసుకుపోద్ది," అనేది. దిగుతున్నంతసేపూ ఏదో ఒకటి పాడేది. ఏ పాటా పూర్తిగా వచ్చేది కాదు, రెండు ముక్కలు పాడి మిగతాది కూనిరాగం తీసేది. ఆ కూనిరాగంతోనే నాకు పెద్ద సుఖంగా ఉండేది.

బొంజు మామ ఆవిణ్ణి సంతలోనే చూశాడు. చింతపల్లి వైపు నుంచి మిరియాలు అమ్మడానికి ఎవరితోనో అంత దూరం వచ్చాడు. అత్త దగ్గర డొప్పలు కొన్నాడు. తాగడానికి ఏమీ కొనకుండా ఉత్త డొప్పలు కొన్నాడని తర్వాత మా ఆడవాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు. రెండు సంతలు తిరిగేసరికి వాళ్ళ పెద్దలు మా ఇంటికి కుండ తెచ్చారు. మా వైపు అదే పద్ధతి. పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు ఇప్పసారా కుండ తెచ్చి ఇంటి ముందు పెట్టి, కాసేపు వానల గురించీ పశువుల గురించీ మాట్లాడి వెళ్ళిపోతారు. పెళ్ళి మాట ఎత్తరు. మళ్ళీ సంత రోజుకి వచ్చి చూస్తారు. ఇంటివాళ్ళు కుండ విప్పి అందరికీ పోస్తే పిల్లనిచ్చినట్టు. విప్పకుండా పెట్టిన కుండ ఊరి పొలిమేరలో కనిపిస్తే తీసుకుని మర్యాదగా వెనక్కి వెళ్ళిపోతారు. తగువులుండవు. మరి పిల్ల సంగతి ఏమిటంటే, పిల్లని నోరు తెరిచి అడగడం మాత్రం లేదు. అడిగితే పిల్ల సిగ్గుపడాలి, కాదంటే వచ్చినవాళ్ళు చిన్నబోవాలి. అందుకని పెద్దవాళ్ళు చూస్తారు, అంతే. పిల్ల ఆ కుండని తప్పించుకుని పెరటి దారిన తిరుగుతోందా, ఇష్టం లేనట్టు. కుండ ఉన్న వైపు కూచుని, తాగేందుకు డొప్పలు కుడుతోందా, మనసు అటు మొగ్గినట్టు. బలవంతం చేసే మనుషులు కారు మా వాళ్ళు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. పిల్ల నోటితో చెప్పాల్సిన కష్టం లేకుండా మేమే తెలుసుకుంటున్నామని, అది ప్రేమేనని వాళ్ళు అనుకునేవారు.

ఇప్పుడు చూడండి, వచ్చిన కుండ పెట్టడానికి మా ఇంటి ముందు చోటెక్కడుంది? అంతా వాలే. అరుగు చివర, చూరు కింద ఒక బార మేర మాత్రం కాస్త చదునుగా ఉండేది. కుండ అక్కడే పెట్టి ఊతరాయి వేశారు. సుక్రి అత్త రోజూ కూచుని ఆకు కుట్టేదీ అక్కడే. ఆ వారం తుంపర ఆగలేదు. పెరడంతా బురద. పొడిగా ఉన్నది ఆ బారెడు చోటే. సంత దగ్గర పడుతోంది. అత్త కుండ పక్కనే కూచుంది, ఆకులు ముందేసుకుంది, కుట్టడం మొదలుపెట్టింది. ఆ వారం ఆవిడ పాడలేదు. నేను భుజం మీద వాలి ఏదేదో అడిగితే ఊ కొట్టింది గాని నా మాట విన్లేదు. తుంపరలోకి చూస్తూ, ఎక్కడో ఉండి, చేతులు మాత్రం వాటి మానాన అవి ఆకు తీసి, మడిచి, పుల్ల గుచ్చి పక్కన పెడుతున్నాయి. ఆ కుండ విప్పితే అత్త వెళ్ళిపోతుంది. చింతపల్లి అంటే ఎక్కడో నాకు తెలియదు. అక్కడ చలికి నీళ్ళు పేరుకుంటాయని, వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం కష్టమని మాత్రం విన్నాను.

మా తాతకి చూపు తగ్గిపోయింది. మనిషిని గొంతు బట్టి, వస్తువుని తడిమి పోల్చుకునేవాడు. ఆ సాయంత్రం కర్ర పట్టుకుని అరుగు మీదికి వచ్చి, కూచోబోతూ చెయ్యి ఆనించాడు. చేతికి డొప్పల దొంతర తగిలింది. ఒకటి తీసి అంచు చుట్టూ వేలు తిప్పాడు. కుండ తడిమాడు. మళ్ళీ డొప్ప తడిమాడు. ఆయన మొహం అంతగా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. తల్లి లేని కూతురని ఆవిడంటే ఆయనకి ప్రాణం. "మొగ్గింది," అన్నాడు లోపలికి వినబడేటట్టు. "మన గుంట అటే మొగ్గింది. డొప్పలు కుడతంది." నేను ఊరుకోలేదు. "అవి సంతకి తాతా, అత్త వారం వారం కుడతాది కదా," అన్నాను. లోపలి నుంచి అమ్మా, పక్కింటి వాళ్ళూ పకపకా నవ్వారు. "అత్తని వొదల్లేక సూడండి ఎలగంటందో," అన్నారు. తాత నా తల మీద చెయ్యేసి, "నీకు తెల్దులేవే," అన్నాడు. నేను అత్త వైపు చూశాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. సగం కుట్టిన డొప్ప అలాగే ఉంది. తాత మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో ఒకటి అంటుందని, అనాలని, నేను ఎదురుచూశాను. ఆవిడ పుల్ల చివర తుంచి, ఇంకో ఆకు తీసుకుంది.

కుండ విప్పారు. అత్త కుట్టిన డొప్పల్లోనే పోసుకుని తాగారు. తాగినంతసేపూ తాత డొప్పల పనితనం పొగుడుతూనే ఉన్నాడు. చలి వెళ్ళకముందే పెళ్ళయిపోయింది. వాళ్ళు తీసుకెళ్ళిన రోజున అత్త నన్ను ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు, నా వైపు చూడకుండా బేగి బేగి దిగిపోయింది. వంపు దగ్గర వలిసె పూలు అడ్డొచ్చాయి, ఇక కనిపించలేదు. ఆ రాత్రి నేను జారి జారి గోడ దాకా వచ్చేశాను. పైకి లాగడానికి అమ్మ ఉంది గాని పక్కన అత్త లేదు. నాకు తెలిసిన మొదటి దుఃఖం అదే. తర్వాత చాలా చూశాను, అయినా దుఃఖం అనగానే ఇప్పటికీ ఆ చాపే గుర్తొస్తుంది.

నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. అక్కడ గచ్చు నేల. చేతిలోంచి పెన్సిల్ పడితే పడినచోటే ఉంది. అది చూసి నాకు భయం వేసింది. మొదటి కొన్నాళ్ళు నిద్ర పట్టలేదు, తల ఎటు పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇంగ్లీషు మేష్టారు విజయనగరం వైపు నుంచి వచ్చినాయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మఫ్లర్ చుట్టుకుని ఉండేవాడు. మా చలి ఆయనకి పడేది కాదు. ఒకరోజు బోర్డు మీద ఏటవాలుగా గీత గీసి ఇన్‌క్లైన్డ్ అన్నాడు. "ఇలా ఒరిగి ఉన్నది." మేమంతా నవ్వాం. అంత కష్టపడి గీత గీయాలా, కిటికీలోంచి చూపిస్తే సరిపోయేదిగా. తర్వాత ఆయన గీత తుడిచేసి, మనసుకీ అదే మాట వాడతారన్నాడు. కోపం ఎక్కువగా వచ్చే మనిషికి వాడతారు, ఒక పని చెయ్యాలనిపించినప్పుడు వాడతారు, ఎదుటివాడి మాట సగం నమ్మినప్పుడు కూడా వాడతారు, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే ఇంగ్లీషు వాళ్ళకి చాలా పనికొచ్చే మాట ఇది అన్నాడు. సొంతంగా వాక్యం రాసుకు రమ్మన్నాడు. మిగతా పిల్లలు కొండ గురించి, చెట్టు గురించి రాశారు. నేను మా అత్త ఆకులు కుట్టడానికి ఇన్‌క్లైన్డ్ అని రాశాను. ఆయన చదివి, కళ్ళజోడు పైనుంచి చూసి అడిగాడు. "ఆమెకి అది ఇష్టమా, అలవాటా?" నేను నిలబడి ఏడ్చాను. పాపం ఆయన కంగారు పడిపోయి, వాక్యం తప్పేం కాదమ్మా, కూచో అన్నాడు. ఆయనకి నా ఏడుపు ఎందుకో తెలిసే దారి లేదు.

అలా ఆ మాటని పట్టుకుని నేను పెద్దదాన్నయ్యాను. టీచర్నయ్యాక ప్రతి ఏడూ అది పాఠంలో వచ్చేది. పిల్లలకి చెప్పేదాన్ని, ఒరిగిన చెట్టు పడిపోయిన చెట్టు కాదర్రా, చూసినవాడు తొందరపడకూడదు అని. అత్తని ఎప్పుడైనా పెళ్ళిళ్ళలో, చావుల్లో చూసేదాన్ని. కలిసి కూచుంటే వేళ్ళు పట్టుకునేది. కాఫీ ఏరీ ఏరీ వేళ్ళకి ఇప్పుడు వేరే వాసన. "బాగున్నావేటే," అని అడిగేది. నేనేమో ఆవిణ్ణి ఆ ప్రశ్న అడగలేకపోయేదాన్ని. బాగుందంటే బొంజు మామ పక్కన ఉన్నాడు కాబట్టి అంటోందనిపిస్తుంది, బాలేదంటే వినడానికి నాకు ధైర్యం లేదు. ఇప్పుడంటే కుండలు పోయాయి. పిల్ల ఫొటో ఫోన్‌లో వెళ్తుంది, అటు నుంచి బొటనవేలు బొమ్మ వస్తుంది. అదీ ఒక రకం మొగ్గే. కావ్యకి వచ్చిన ఒక సంబంధంలో అది రెండు రోజులు జవాబివ్వలేదని అటువాళ్ళు ఇష్టమే అనుకుని బట్టలు కొనేశారు. పిల్ల సిగ్నల్ లేని చోట ఉందని ఎవరికీ తట్టలేదు. కాలం మారిందంటారు గాని మనిషి మనసు పక్కనుంచి చూసి తేల్చేసే సరదా మాత్రం ఎక్కడికీ పోలేదు.

మేం చేరేసరికి ఎండ ఇంకా మంచుని చీల్చలేదు. కాఫీ గింజలు ఎండబోసే కళ్ళంలో చాపలు పరిచి ఊరి పెద్దలు కూచున్నారు. అక్కడా అడగడం లేదు, చూడడమే. పెనిమిటి పోయిన మనిషికి పుట్టింటి వాళ్ళు గడప మీద కొత్త చీర పెడతారు. ఆవిడ దాన్ని భుజాన వేసుకుని వచ్చి పుట్టింటి వాళ్ళ పక్కన కూచుంటే వాళ్ళతో వెళ్ళిపోయినట్టు. లోపలికెళ్ళి పొయ్యి వెలిగిస్తే ఉండిపోయినట్టు. పెద్దదాన్ని కాబట్టి చీర నేనే పెట్టాను. అత్త బయటికి వచ్చింది. ఎంత చిన్నదైపోయిందో. జుట్టు తెల్లగా, నడుం వంగి, అయినా కళ్ళు మాత్రం అవే. చీర తీసింది. వేళ్ళతో నలిపి చూసింది. భుజాన వేసుకుంది. రాంబాబు జేబులోంచి తాళాలు తీశాడు. అంతలో అత్త మా అందరినీ కలియజూసి, చలికి చేతులు నలుపుకుంటున్న వాళ్ళని చూసి, గిరుక్కున లోపలికి తిరిగింది. కాసేపటికి కప్పు సందుల్లోంచి పొగ లేచింది.

"ఉండిపోద్ది. పొయ్యి ఎలిగించింది," అన్నాడు ఒక పెద్దాయన. "సీర ఏసుకుంది కదేటి," అన్నాడు మా రాంబాబు. "ముందు సీర, ఎనక పొయ్యి. ఎనక సేసిందే లెక్క." "మరి కట్టెట్టింది టీ కాయడానికేమో," అన్నాడు రాంబాబు. బొంజు మామ అన్న కొడుకు, మంచి మనిషి, కళ్ళు తుడుచుకుంటూ, పిన్ని మాతోనే ఉంటాదని తెలుసు అన్నాడు. మాట మీద మాట పెరిగి అందరూ లేచి నిలబడ్డారు. చలిలో మనుషులు కూచుని ఉంటే ఆవిడ పొయ్యి వెలిగించకుండా ఉండగలదా? చేతులు ఊరుకుంటాయా? మళ్ళీ అదే చేస్తున్నారు, ఇంతమంది పెద్దవాళ్ళుండి, మళ్ళీ అదే. లేచాను. "టీచరమ్మా, అడక్కూడదు," అన్నారు వెనక నుంచి. "మీరు కూచోండి," అన్నాను క్లాసులో పిల్లల్ని అన్నట్టు. అందరూ నిజంగానే కూచున్నారు.

లోపల పొగ. అత్త గొట్టంతో ఊదుతోంది, భుజం మీద చీర అలాగే ఉంది. పక్కన చతికిలబడ్డాను. "అత్తా, నీకేటి కావాల? మాతో వొత్తావా, ఇక్కడే ఉంటావా?" అన్నాను. ఆవిడ గొట్టం కింద పెట్టింది. "ఎవుల్ని అడుగుతన్నావు?" అంది. "నిన్నే." వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంది. తర్వాత మెల్లగా అంది, "మీ మామ నన్ను బాగా సూసుకున్నాడు. ఒక్కనాడు సెయ్యెత్తనేదు. అయినా ఇలగ అడగనేదు." పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత చిన్నపిల్లలాగా నా మోకాలు తట్టి, "మళ్ళీ ఒకపాలి అడగవే," అంది. అడిగాను. కళ్ళు మూసుకుని విన్నది. పొగకి కాదు ఆ నీళ్ళు, నాకు తెలుసు.

"ఇక్కడే ఉంటాను," అంది.

నాకు బాధ వేసింది, దాచుకోను. సున్నం వేసిన గది, కొత్త నవారు, నా లెక్కలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఆనాడు డొప్పలు?" అత్త నన్ను విచిత్రంగా చూసింది. "సంతకే కదే. నువ్వు మా అయ్యతో సెప్పినావు కూడా. నిజం సెప్పింది నువ్వొక్కదానివే." "మరి నువ్వెందుకు కాదన్లేదు?" "ఆ మొకం సూసినావా, ఎలగెలిగిపోతందో? అంత సంబరం మీద నీల్లు పొయ్యమంటావా?" టీ మరుగుతుంటే బెల్లం ముక్క వేసింది. "ఎవులైనా అడిగుంటే మాత్రం వొద్దు అనేదాన్ని. అడిగితే సెప్పొచ్చు. అడక్కుండా ఎలగ సెప్తాం? ఇక్కడికొచ్చి మొదటేడంతా ఆకు ముట్టనేదు నాను. తరవాత మీ మామ, నాను కలిసి ఆ గట్టు మీద మిరియం తీగలు పాకించినాం. ఆకు ముట్టకపోయినా ఆడు ఏటీ అననేదు. అప్పుడు ఈ ఊరు నా ఊరైంది. ఎప్పుడైందో అడక్కు, నాకూ తెల్దు."

నేను లేచి బయటికి చెప్పబోయాను. చెయ్యి పట్టి ఆపింది. "నువ్వు సెప్పక. నాను సెప్తాను." భుజాన చీర సర్దుకుంది, టీ గిన్నె చేత్తో పట్టుకుంది, వంగిన నడుంతోనే గడప దాటింది. అందరూ గిన్నె వైపు, చీర వైపు మార్చి మార్చి చూస్తున్నారు.

"అలగ సూడకండి, నన్నడగండి," అంది సుక్రి అత్త. ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది. "ఉంటన్నాను. పొయ్యి ఎలిగించినందుకు కాదు. నాకిష్టమై ఉంటన్నాను."